సముద్రానికి తూము

పర్వతాలు చూపుడువేలు సున్నపు కాయలో అద్ది, ముక్కు దగ్గర పెట్టుకొని, సముద్రాన్ని వాసన చూశాడు.

రోజూ మొహం కడుక్కోకముందే చేసే పని అది. కాయ ఇత్తడిది, నిమ్మకాయంత ఉంటుంది. లోపలి సున్నం వెన్నలా మెత్తగా ఉంటుంది. ఊళ్ళో ఎవరు వాసన చూసినా అది సున్నం వాసనే. అతనికి మాత్రం అందులో తెరచాపలు, ఉప్పుమళ్ళు, సరుగుడు తోపులో తిరిగే గాలి, ఎండలో ఆరేసిన చేపలు విడివిడిగా తెలిసేవి.

"అయిందా సముద్రస్నానం?" అంది భార్య బిక్షమ్మ, జొన్న గటక కలుపుతూ.

అతను వేలు పంచెకు తుడుచుకొని కాయను గోడగూట్లో పెట్టాడు. సున్నం మీద వేలి గుంట అలాగే ఉంది. పొద్దుగూకాక బిక్షమ్మ అందులో నాలుగు చుక్కల నీళ్ళు పోసి, పుల్లతో కలిపి చదును చేస్తుంది. పొయ్యకపోతే ఎండి రాయవుతుంది. "లోకంల సముద్రానికి దినాం నీళ్లు పోసే ఆడిది నేనొక్కదాన్నే" అని ఆమె బావి దగ్గర చెప్పుకునేది. బావి దగ్గరి వాళ్ళు ఒప్పుకునేవాళ్ళు. అంత పని తమవల్ల కాదనేవాళ్ళు.

మేళ్లచెరువు నేలలో ఎక్కడ తవ్వినా సున్నపురాయే తగులుతుంది. పర్వతాలు తాత, తండ్రి ఆ రాయినే కాల్చారు. ఇప్పుడు అతను కాలుస్తున్నాడు. వయసు ముప్పై దాటలేదు కాని కనుబొమలు, రెప్పలు, చెవుల మీది నూగు అన్నీ తెల్లబడి, దూరం నుంచి తన తాతకు తాతలా కనిపించేవాడు. ఒకసారి పొలిమేర దయ్యం ఎదురై, తమ వాడే అనుకొని యోగక్షేమాలు అడిగి పోయిందని బండి తోలే కాటమయ్య నెత్తిమీద చెయ్యి పెట్టి ఒట్టేసి చెబుతాడు. ఎవరి నెత్తి మీద అన్నది మాత్రం చెప్పడు. పర్వతాలు అరచేతులు ఎండాకాలపు చెరువులా పగిలి ఉండేవి. పనికి పోయే ముందు వాటికి ఆముదం రాసుకునేవాడు. ఆముదం పగుళ్ళలోకి దిగిపోయేది కాని ఎక్కడా తేలేది కాదు.

ఆ రోజు సున్నం క్యాంపుకు పోవాలి.

పోలీసు యాక్షన్ అయి ఏడాది తిరిగింది. నిజాం రాజ్యం పోయింది, రజాకార్లు పోయారు. భయం మాత్రం ఎక్కడికీ పోకుండా, బట్టలు మార్చుకొని అక్కడే కూర్చుంది. రోడ్డు పక్కన పాత బంగళాలో మిలిటరీ క్యాంపు వెలిసింది. క్యాంపు వాళ్ళు కమ్యూనిస్టు సంఘం మనుషుల కోసం గడ్డివాములు పొడిచి చూస్తున్నారు. సంఘం వాళ్ళలో కొందరు బెజవాడ వైపు నుంచి వచ్చినవాళ్ళు కనుక, ఎవరి మాట చివర 'అండి' వినబడినా తుపాకీ అటు తిరుగుతోంది. చుట్టుపక్కల ఊళ్ళలో మర్యాదగా మాట్లాడేవాడు ఒక్కడూ లేకపోవడం జనానికి ఎంతో మేలు చేసింది. పర్వతాలు సంగతే వేరు. అతను బందరులో చదువుకున్నాడు.

బిక్షమ్మ గటక ముంత ముందు పెట్టి, పక్కన తమలపాకుల పొట్లం పెట్టింది. "నోట్లె ఆకు పెట్టుకో. క్యాంపు కానొచ్చినంక ఇంకో రెండు పెట్టుకో. నోరు నిండుంటే గా అండి యాడికెల్లి వస్తది?"

"నాకు దెలువదా?"

"తెలుసు గనే జెప్పుతున్న. మొన్న పక్కూర్ల బట్టలమ్మెటోన్ని పట్టుకపోయిన్రు. గాడు జగ్గయ్యపేటోడట. చీరె చూడండి అన్నడట, గంతే. ఇంతవరకు రాలే."

"నేను చీరెలమ్ముతన్ననా?"

"నవ్వుతవేందయ్యా? ఏమన్నడిగితే కాటమయ్య మామ చెప్పుతడు. నువ్వు మూగోని తీర్గ ఉండు."

అతను నవ్వుతూనే తలూపాడు. ఆమె నవ్వలేదు. ఆకుల పొట్లాన్ని తానే అతని రొంటిన దోపింది.

కాటమయ్య బండి కట్టుకొని వచ్చాడు. ఇద్దరూ సున్నం తట్టలు ఎక్కించి, గోనెలు కప్పి బయల్దేరారు. కాటమయ్య పెద్దవాడు, వరసకు మామ. దారి పొడవునా అల్లుణ్ణి ఆటపట్టించకపోతే అతని ఎడ్లు నడవవు.

"అల్లుడా, బందరు ముచ్చట ఒకటి జెప్పు. ఎడ్లు నిద్రపోతన్నయి."

బందరు ఏ లండను పక్కనో లేదు. కాని పర్వతాలు చదువుకున్న రోజుల్లో అది వేరే దేశం. పాలేరు వాగుకు ఇవతల నిజాం, అవతల ఇంగ్లీషువాడు, మధ్యలో మోకాలిలోతు నీళ్ళు. పంచె తడిస్తే విదేశం చేరినట్టే. సరిహద్దు నాకాలో జవాను అతని మూట విప్పి, జొన్నరొట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, గోడకు ఒకసారి కొట్టి చూసి, ఆయుధం కాదని తేలాక వదిలిపెట్టాడు. ఇక్కడి సిక్కా అక్కడ చెల్లదు. అక్కడి మర్యాద ఇక్కడ చెల్లదు.

అతను అంత దూరం చదువుకు పోవడానికి కారణం తుమ్మముల్లు. మిషను దొరసాని ఊరికి వచ్చినప్పుడు, ఆ తెల్లని మొహం చూసి పిల్లలందరూ పారిపోయారు. కాలిలో ముల్లు విరిగిన పర్వతాలు ఒక్కడే నిలబడ్డాడు. ఇంత ధైర్యం గల పిల్లవాడు చదువుకోవాలని ఆమె పట్టుబట్టి బందరు బడికి పంపించింది. అక్కడ అతనికి పేతురని పేరు పెట్టారు. పేతురంటే బండ అని అర్థమట. పర్వతాన్ని బండ చేశారని అతను చాలా రోజులు బాధపడ్డాడు. ఆ పేరు ఎలాగూ అంటుకోలేదు.

మొదటి రోజు మాస్టారు లేపి పేరు అడిగాడు.

"పర్వతాలు."

"పర్వతాలండీ, అనాలి."

"అండి లేదు సారూ, ఒట్టి పర్వతాలే. నువ్వు తప్పు విన్నవ్."

ఒక దెబ్బ 'అండి' లేనందుకు పడింది, ఇంకొకటి 'నువ్వు' ఉన్నందుకు. ఇంటి దగ్గర తండ్రిని నువ్వు అంటారు, దేవుణ్ణీ నువ్వనే అంటారు. దేవుడు ఎప్పుడూ బెత్తం తియ్యలేదు. అందుకని నేర్చుకోవడానికి అతనికి చాలా కాలం పట్టింది. చివరకు ఒక్కటి అర్థమైంది: చేతిలో బెత్తం ఉన్నవాడితో అండి అనాలి. ఆ పాఠం అరచేతుల్లోంచి లోపలికి దిగింది. తరువాత లెక్కలు పోయాయి, ఇంగ్లీషు పోయింది, అది మాత్రం పోలేదు.

ఒక ఆదివారం పిల్లల్ని సముద్రానికి తీసుకుపోయారు. పర్వతాలు పెద్దగా ఆశపడలేదు. అతను సముద్రం ముందే చూశాడు. నల్లగొండ పక్కన పానగల్లులో ఉంది, ఉదయసముద్రం. మేనత్త పెళ్ళికి పోయినప్పుడు దాని కట్ట మీద కూర్చొని బువ్వ తిన్నాడు. ఇదీ అలాంటి చెరువే అనుకున్నాడు. తోపు దాటి ఇసుక మీదికి వచ్చి, ఎడమకు చూశాడు, కుడికి చూశాడు. కట్ట కనబడలేదు.

"దీని తూము ఎక్కడుందండీ? ఎన్ని ఎకరాలు పారుతుందండీ?" అని మర్యాదగా అడిగాడు.

పిల్లలు ఇసుకలో పడి దొర్లారు. మాస్టారు నవ్వీ నవ్వీ బెత్తం జారవిడిచాడు. అది అలల్లో కొట్టుకుపోయింది. తన రెండేళ్ళ చదువులో సాధించిన గొప్ప విజయం అదేనని పర్వతాలు చెప్పేవాడు. కాని ఆ రోజు అందరూ పోయాక కూడా అతను అక్కడే నిలబడ్డాడు. ఇన్ని నీళ్ళుండీ ఒక్క మడి పారకపోవడం చూస్తే అతనికి సముద్రం మీద జాలి కలిగింది. పాపం, ఎవరికీ పనికిరాక రోజంతా ఒడ్డుకు వచ్చి పోతోంది. ఆ తరువాత ప్రతి ఆదివారం పలకరించడానికి పోయినట్టు పోయేవాడు. వచ్చేటప్పుడు గుల్లలు ఏరుకొచ్చేవాడు. గులాబి అంచువి, పులిచారలవి, చెవిలో పెట్టుకుంటే హోరుమనేవి.

కాటమయ్యకు ఇంతవరకే చెప్పేవాడు. తరువాతి సంగతి ఎవరికీ చెప్పలేదు.

బట్టీలో సున్నం చిట్లి తండ్రి మైసయ్య కళ్ళలో పడిందని కబురు వస్తే, పర్వతాలు చదువు వదిలేసి ఇంటికి వచ్చాడు. చేతిలో గుల్లల సంచి ఒక్కటే ఉంది. కళ్ళకు గుడ్డ కట్టుకొని అరుగు మీద కూర్చున్న తండ్రి ఆ సంచిలో చెయ్యి పెట్టాడు. ఒక్కొక్క గుల్లా తడిమాడు. ఒకదాన్ని నాలుక మీద పెట్టుకున్నాడు. గుడ్డ కింద మొహమంతా వెలిగింది.

"మేలైన సరుకు, బిడ్డా! మన రాయి దీని ముందట ఎందుకు పనికొస్తది? గంత దూరం పోయి గూడ బట్టీని మరువలే నా కొడుకు!"

సంచి పట్టుకొని, గోడ తడుముకుంటూ బట్టీ దాకా తానే నడిచాడు. గుల్లలన్నీ నిప్పులో పోశాడు. పర్వతాలు పక్కనే ఉన్నాడు. అవి చూసుకోవడానికి తెచ్చినవని చెబుదామంటే, ఎదురుగా ఉన్న మనిషికి కళ్ళు లేవు.

మర్నాడు బూడిదలోంచి వచ్చిన పిడికెడు సున్నాన్ని మైసయ్య నీళ్ళతో తడిపి, తన ఇత్తడి కాయలో పెట్టి కొడుకు చేతికిచ్చాడు. "ఇగో, నీ చదువు."

కొన్నేళ్ళకు మైసయ్య పోయాడు. కొడుకు బందరు నుంచి బట్టీకి సరుకు తెచ్చాడని పోయేదాకా అందరికీ చెప్పాడు.

క్యాంపు కనబడగానే పర్వతాలు నోట్లో ఇంకో రెండు ఆకులు కుక్కుకున్నాడు. రెండు బుగ్గలూ ఉబ్బాయి. "అల్లుడా, గిప్పుడు నువ్వు ఏ దేశపోనివో నీ పెండ్లాం గూడ చెప్పలేదు" అన్నాడు కాటమయ్య. కాపలావాడు అడిగినవాటికి అతనే జవాబు చెప్పాడు. "సున్నం దెచ్చినం దొరా. పెద్దసాబు వస్తున్నడని దెమ్మన్నరు." లోపలికి పంపారు. గోడల మీద సంఘం వాళ్ళు రాసిపోయిన ఎర్ర అక్షరాలు ఉన్నాయి. వాటి మీదికే ఈ సున్నం.

ఎడ్లకు నీళ్ళు తాపడానికి కాటమయ్య తొట్టి దగ్గరికి పోయాడు. పర్వతాలు తట్టలు దించుతున్నాడు. వరండాలోంచి ఒక అధికారి దిగి వచ్చాడు. చక్కని మనిషి, నున్నగా తల దువ్వుకున్నాడు, చేతిలో బెత్తం ఉంది.

"ఏమోయ్, ఈ సున్నం గోడకు నిలుస్తుందా, రాలిపోతుందా?"

పర్వతాలు కాటమయ్య కోసం చూశాడు. దూరంగా ఎడ్ల వీపులు మాత్రం కనిపించాయి. బెత్తం వైపు చూశాడు. నోటినిండా ఆకుతో పెద్దవాళ్ళకు జవాబు చెప్పకూడదు. పక్కకు తిరిగి ఉమ్మేసి, మూతి తుడుచుకొని, చేతులు కట్టుకున్నాడు.

"బెల్లపు నీళ్ళు కలిపితే నిలుస్తుందండీ."

అధికారి మొహం విప్పారింది. "ఎన్నాళ్ళయిందయ్యా ఆ మాట విని! ఎక్కడ నేర్చుకున్నావు?"

"బందరులోనండి. చదువుకున్నానండి."

"ఆహా! మాది ఆ పక్కే. ఏదీ, చెప్పు."

ఊరికి తిరిగొచ్చాక ఇన్నేళ్ళలో పర్వతాలును ఏం చదివావని అడిగినవాడు ఒక్కడూ లేడు. అడిగినా వాళ్ళెవరూ సముద్రం చూసినవాళ్ళు కారు. ఈయన చూశాడు. పర్వతాలు చెప్పాడు. బడి గురించి, ఆదివారాల గురించి, గుల్లల గురించి చెప్పాడు. అధికారి మధ్యమధ్య అడిగాడు: ఎవరు పంపారు? ఎవరితో ఉండేవాడివి? అటు నుంచి ఎవరైనా వస్తుంటారా? పర్వతాలు ఒక్కో జవాబుకు రెండేసి అండీలు పెట్టాడు. తూము సంగతి దగ్గర అధికారి పడిపడి నవ్వాడు. ఆ నవ్వు మొహంతోనే వెనక్కి తిరిగి జవానుతో ఏదో చెప్పాడు.

కాటమయ్య తిరిగొచ్చేసరికి పర్వతాలు ట్రక్కు దగ్గర ఉన్నాడు. ఒక జవాను అతని మోచెయ్యి పట్టుకున్నాడు. అతనింకా మాట్లాడుతూనే ఉన్నాడు.

కాటమయ్య పరుగెత్తాడు. "దొరా! గాడు మావోడు! సున్నం గాల్చెటోడు, మా అల్లుడు!"

"మీవాడైతే మీలా మాట్లాడాలి కదయ్యా" అన్నాడు అధికారి, మెల్లగానే.

ట్రక్కు కదిలాక పర్వతాలుకు విషయం అర్థమైనట్టుంది. వెనకనుంచి వంగి అరిచాడు. "మామా, ఎడ్లకు కుడితి వెట్టు! బిక్షమ్మకు జెప్పు, మాపటాల్లకు వస్త!" ఆ మాటల్లో ఒక్క అండి కూడా లేదు. ఇంజను చప్పుడులో కాటమయ్యకు తప్ప అవి ఎవరికీ వినబడలేదు.

బండి తిరిగొచ్చేసరికి పొద్దుగూకింది. బిక్షమ్మ వాకిట్లో నిలబడి ఖాళీ బండిని చూసింది. కాటమయ్య తలపాగా తీసి చేతిలో నలుపుతూ బండి దిగాడు. ఆ రోజు ఎడ్లు వాటంతటవే నడిచి వచ్చాయి.

"ఏమన్నడు?" అందామె. "ఏమని మాట్లాడిండు వాళ్ళతోని?"

"తూము ముచ్చట" అన్నాడు కాటమయ్య. "నవ్వుకుంట జెప్పిండు బిడ్డా. మాపటాల్లకు వస్తనన్నడు."

ఆమె లోపలికి పోయి దీపం పెట్టింది. రోజూలాగే ముంతలో నీళ్ళు ముంచుకొని గూటి దగ్గరికి పోయి కాయ మూత తీసింది. సున్నం మీద పొద్దుటి వేలి గుంట ఉంది. నీళ్ళు పోస్తే గుంట పోతుంది. పొయ్యకపోతే సున్నం పోతుంది. ముంత పట్టుకొని అలాగే నిలబడింది. మాపటాల్లకు వస్తనన్నడు గదా, వచ్చినంక నీళ్లు పోద్దామనుకుంది.

క్యాంపు వాళ్ళు నల్లగొండలో అడగమన్నారు. నల్లగొండలో క్యాంపులో అడగమన్నారు. వానలు పట్టాక ఒక మనిషి వచ్చి, ఇక ఎదురుచూడొద్దని వాకిట్లోనే చెప్పి, ఇచ్చిన నీళ్ళు తాగకుండా పోయాడు.

గూట్లో ఇత్తడి కాయ మూత తీసే ఉంది. లోపల సున్నం ఎండి రాయిలా బిగిసింది. దాని నడిమధ్యన, ఒక చూపుడువేలు పట్టేంత గుంట.