చుక్క కాని గీత

తెర మీద పచ్చటి వెలుగు.

చుక్కగా పడాల్సింది... గీతలా నిలబడింది. సన్నగా, నిలువుగా, మొండిగా.

గోడ అవతల యాక్సిలరేటర్ గుయ్యిమంటోంది. కంటికి కనబడని కణాలు గొట్టంలో పరుగెత్తి వస్తున్నాయి. దారిలో అయస్కాంతాలు — పీణ్య కార్ఖానాల్లో చేయించినవి. ఒకటి కణాలను అడ్డంగా దగ్గరికి లాగి నిలువుగా చెదరగొడుతుంది. రెండోది నిలువుగా లాగి అడ్డంగా వదిలేస్తుంది. రెండూ కుదిరితేనే చుక్క.

మళ్లీ గీతే.

ఏ అయస్కాంతానికి ఎంత కరెంటు ఇవ్వాలో లెక్క కట్టింది దివ్యే. సాయంత్రానికి చుక్క పడకపోతే ఆమె ఉద్యోగం ఇక్కడితో సరి. ల్యాబ్ పెద్ద దేవరాజ్ సార్ పొద్దున్నే చెప్పేశారు, మెత్తగానే. మెత్తగా చెప్తే మాత్రం నొప్పి తగ్గుతుందా, పాపం!

పక్కన నళిని. దివ్యకు పైఅధికారి. ఆ లెక్క చూసి సరే అన్నది ఆమే. ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి చూస్తోంది. అయస్కాంతానికో మ్యాట్రిక్స్ — అంకెలు నింపిన చిన్న గళ్ల పట్టిక. అన్నిటినీ వరసగా గుణిస్తే కణాలు ఎక్కడ, ఎలా పడతాయో తెలుస్తుంది.

వరస... అక్కడే ఉంది చిక్కంతా. వరస మారితే జవాబే మారిపోతుంది.

కణాలు మొదట దాటే అయస్కాంతాన్ని కుడి చివర రాయాలి. ఆఖరుది ఎడమ కొసన. దివ్య ఎడమ నుంచి రాసుకుంటూ పోయింది, ఉత్తరం రాసినట్టు. నళినీ అలాగే చదువుకుంటూ పోయింది.

"ముందొచ్చేదాన్ని ముందే రాసేసినాను, అక్కా" అంది దివ్య.

నళిని కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఇద్దరూ కుడి నుంచి మొదలుపెట్టారు.

బయట సర్జాపుర రోడ్డు మీద వాన పట్టుకుంది.

దేవరాజ్ వచ్చారు. గీతను చూశారు. తప్పు ఎవరిదని అడిగారు.

దివ్య లేవబోయింది. నళిని ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"మా ఇద్దరిదీ సార్. ఆమె రాసింది, నేను చూసి సరే అన్నాను. తీసేస్తే ఇద్దర్నీ తీసెయ్యండి."

ఆయన వెళ్లిపోలేదు. తలుపు పక్కనే నిలబడ్డారు.

కొత్త అంకెలు వచ్చాయి.

"నువ్వే తిప్పు" అంది నళిని.

దివ్య కరెంటు మీట తిప్పింది... ఇంకాస్త... ఇంకాస్త...

తెర మీద పచ్చటి వెలుగు.

గీత పొట్టిదవుతోంది...