గుమ్మం దగ్గర అడిగిన పేరు

స్వర్ణలత పప్పు దింపి ఫోన్ చూసుకుంది. మళ్ళీ అవే ఎర్ర అక్షరాలు. కూడబలుక్కుని చదివింది. చెల్లింపు జరగలేదట. సాయంత్రంలోగా కార్డు మార్చకపోతే రేపటి నుంచి ఆమె వంటిల్లు ఎవరికీ కనిపించదట.

బన్సీలాల్‌పేట్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో వండిన కూరలు కార్ఖానా ఏరియాలోని అపార్ట్‌మెంట్ల దాకా పోతాయి. ఆర్డర్లు తెచ్చేది యాప్. అది తన నెల చందాను కార్డు నుంచి తానే తీసుకుంటుంది. కార్డు చెల్లకపోతే ఆర్డర్లు ఆగుతాయి. ఆర్డర్లు ఆగితే పొయ్యి వెలిగించాల్సిన పని ఉండదు.

యాప్‌లో రెండు కార్డులున్నాయి. పైది ఆమె భర్తది. ఆమెకు అక్షరం ముక్క రాని రోజుల్లో ఆయనే అన్నీ కూర్చి పెట్టాడు. "నువ్వు వంట సంగతి చూస్కో, గిది నేను చూస్కుంటా" అన్నాడు. పోయిన వానాకాలంలో ఆయన పోయాడు. ఆ తర్వాత కూడా చందా ఆయన కార్డు నుంచే పోతుంటే, ఇంటి బరువులో ఓ మూల ఇంకా ఆయనే పట్టుకున్నట్టు ఆమెకు ధైర్యంగా ఉండేది. పోయిన వారం బ్యాంకువాళ్ళు ఆయన ఖాతా మూసేశారు.

ఈ మధ్యలో ఆమె చదవడం నేర్చుకుంది. తన కార్డును తానే యాప్‌లో ఎక్కించుకుంది కూడా. కానీ దాన్ని పైకి జరపడానికి వేలు ఆడలేదు. ఆయన కంచంలో వడ్డించాకే తన కంచం ముందేసుకున్న మనిషి. అలవాటుగా కిందే ఉంచేసింది.

ఇవాళ ఇక తప్పదని ఆయన కార్డు మీద నొక్కింది. పైది చెల్లని కార్డు కాబట్టి ముందు దాన్ని తొలగించాలట, అందుకు సహాయ కేంద్రానికి ఫోన్ చేయమంది యాప్.

"చెయ్యరాదే, దేనికి పరేషాన్?" అంది శారదమ్మ. ఆమె స్వర్ణలతకు ఆడపడుచు, భర్తకు అక్క. పక్క వాటాలోనే ఉంటుంది. గుమ్మంలో పీట వేసుకుని గోకరకాయలు తుంచుతోంది.

"వాళ్ళు నంబర్లు గిట్ల అడిగితే?"

"అడిగితే నాకియ్యి. గట్టిగ అడుగుత."

ఫోన్ ఎత్తిన అమ్మాయి తన పేరు నాగజ్యోతి అని చెప్పింది. గొంతులో కోస్తా సాగుడు ఉంది. స్వర్ణలత ఫోన్ స్పీకర్‌లో పెట్టి సంగతంతా చెప్పింది.

"అయ్యో, సారీ అండీ. ఆ కార్డు తీసేసి మీది పెట్టేద్దాం. నంబర్లు గానీ ఓటీపీ గానీ నాకేమీ చెప్పొద్దు. ముందు మీ పేరు చెప్పండమ్మా."

"స్వర్ణలత."

"ఇప్పుడు, తీసేయాల్సిన కార్డు మీద ఎవరి పేరుందో చెప్పండి."

"మా ఇంటాయనది."

"పేరండీ."

స్వర్ణలత చెంగుతో చేతులు తుడుచుకుంది. చేతులు పొడిగానే ఉన్నాయి.

కాపురం మొదలైన నాటి నుంచి ఆమె ఆయన పేరు నోట పలకలేదు. ఎదురుగా ఉంటే "ఇగో" అని, పక్క గదిలో ఉంటే గిన్నె చప్పుడు చేసి పిలిచింది. రేషన్ షాపులో పేరు అడిగితే కార్డు ముందుకు తోసింది. అంతెందుకు, ఆయన పేరులో దేవుడి ఊరు ఉందని ఆ ఊరిని కూడా "కొండ" అనే అంటుంది.

"కొండ మీద దేవుని ఊరు లేదా బిడ్డా, గా పేరే" అంది.

నాగజ్యోతి నవ్వు ఆపుకుంది. "నాకు అర్థమైందండీ. నా ముందు కనిపిస్తోంది కూడానూ. కానీ మీ నోటితో చెప్తేనే ఒప్పుకుంటారు. ఈ కాల్ రికార్డవుతుంది."

శారదమ్మ ఊరుకోలేదు. "తిరుమల్! తిరుమల్ అని రాసుకో అమ్మా! నా తమ్ముడే!"

"పక్కనవాళ్ళు చెప్తే కుదరదండీ. అకౌంట్ ఎవరిదో వాళ్ళే చెప్పాలి."

"చూసినవా వదినా, నువ్వు ఊకో జెర."

"నేను ఊకుంటా. నువ్వు నోరు తెరువు. మనిషే పోయిండు, ఇంక ఎవలకు భయపడ్తున్నవ్?"

భయం కాదని స్వర్ణలతకు తెలుసు. ఆ పేరు పలికితే కార్డు పోతుంది. ఇన్నాళ్ళూ దాచుకున్న మాట నోరు దాటేది ఆయన్ను పిలవడానికి కాదు, తీసేయడానికి.

ఆమె ఫోన్‌లోకి అడిగింది.

"నీకు పెండ్లయిందా బిడ్డా?"

"మొన్న ఫాల్గుణంలో అయ్యిందండీ."

"గుమ్మంల పేరు చెప్పించిండ్రా?"

"చెప్పించకుండా వదుల్తారేంటండీ! ఆఫీసులో ఆయన్ని రోజూ పేరుపెట్టి పిలిచేదాన్నే. ఆ గుమ్మం ముందు మాత్రం నోరు పెగల్లేదు."

స్వర్ణలత గుమ్మం వైపు చూసింది. ఇదే గుమ్మం. కొత్త కోడలిగా వచ్చిన రోజు శారదమ్మ ఇక్కడే అడ్డం నిలబడింది. పేర్లు చెప్తేనే లోపలికి అంది. వెనక జనం నవ్వుతుంటే స్వర్ణలత తల దించుకుని, "నేను, మా..." అని ఆగి, చివరికి ఆ పేరు గొణిగింది. వినబడలేదని శారదమ్మ గొడవ చేస్తే, ఆయనే "నాకు వినొచ్చిందిలే, జరుగు అక్కా" అన్నాడు.

అదే మొదలు, అదే ఆఖరు.

ఆమె చూపు ఎక్కడుందో శారదమ్మ చూసింది. గోకరకాయల చాట పక్కన పెట్టింది. మోకాళ్ళు పట్టుకుని లేచి, ద్వారబంధానికి అడ్డంగా చెయ్యి చాపింది. ముఖంలో నవ్వు లేదు.

"నాడు వినొచ్చిందని వాడు నిన్ను ఇడిపించిండు. ఇయ్యాల వాడు లేడు. గట్టిగ చెప్పు."

స్వర్ణలత ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుంది.

"నేను స్వర్ణలత. మా ఆయన తిరుమల్."

ఆ పేరు గోడలకు తగిలి తిరిగొచ్చినట్టు అనిపించింది. పొయ్యి మీద కూర మాత్రం మామూలుగానే ఉడుకుతోంది.

"చాలమ్మా," అంది నాగజ్యోతి. "తీసేస్తున్నానండీ. ఒక్కసారి తెర చూడండి."

పై వరుస మాయమైంది. కింద ఉన్న కార్డు మెల్లగా పైకి జరిగింది. దాని మీద తన పేరు. కింద ఇప్పుడు ఏమీ లేదు.

ఫోన్ పెట్టేసిన కాసేపటికి టింగుమంది. కార్ఖానా నుంచి ఆర్డరు, ఇద్దరికి పప్పు, ఒక వేపుడు.

శారదమ్మ కళ్ళు తుడుచుకుని మళ్ళీ పీట మీద కూలబడింది. "మొత్తానికి నోరు తెరిచినవ్. ఇంక దేవుని దర్శనానికి పోయినప్పుడు సుత ఊరి పేరు పెట్టే చెప్తవా, ఎక్కడికి పోతున్నవో?"

స్వర్ణలత పప్పు గరిటెతో కలిపి, డబ్బా మూత తీసింది.

"కొండ అనే చెప్తా వదినా," అంది.