దాచిన పాలపన్ను

నేను ఒక రింగ్ లైటుని. మూడు కాళ్ల మీద గుండ్రంగా నిలబడి ఎలాంటి మొహాన్నైనా తెల్లగా చూపించేస్తా. ఏదో ఫ్యాక్టరీలో నాకు బల్బులు అతికించి పెట్టెలో కుక్కారు. మొదట తాడేపల్లిగూడెంలో ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ కొన్నాడు. నిద్రలేక వాడిపోయిన పెళ్లికూతుళ్లని కళకళలాడించడం అక్కడే నేర్చుకున్నా. తర్వాత నా ఖర్మ కాలి సునంద ఇంటికొచ్చా.

సునందకి ఒక్కతే కూతురు, లోహిత. అప్పటికి ఆరేళ్లది. ముందుపన్ను ఊడి మాటలు ముద్దుముద్దుగా జారేవి. సునంద నా ముందు నిలబెట్టి వీడియో తీసి రీల్స్‌లో పెడితే లక్షమంది చూశారు. అబ్బో, ఇక చూస్కోండి! పిల్ల తింటే వీడియో, అలిగితే వీడియో. ఏడిస్తే మరీ మంచిది, లైకులు ఎక్కువొస్తాయి.

ఊడిన పాలపన్నుని ఇంటి కప్పు మీదకి విసిరితే కొత్తపన్ను తొందరగా వస్తుందంటారు కదా. నానమ్మ నాగరత్నం ఆ పన్ను అడిగితే, "ఎక్కడో పడిపోయిందత్తయ్యా" అంది సునంద. కుంకుమభరిణలో దాచడం నేను కళ్లారా చూశా. విసరకపోతే పన్ను రాదని, ముద్దుమాటలు అలాగే ఉండిపోతాయని ఆ తల్లి ఆశ! ఓసి పిచ్చిదానా, పన్నుకి ఫాలోయర్లతో ఏం పని? వచ్చేసింది. మాట తేటపడింది.

దాంతో కామెంట్లు మారాయి. "పాప పెద్దదైపోయింది, మునుపటి ముద్దు లేదు" అని ముక్కూమొహం తెలియనివాళ్లు తీర్పులిచ్చారు. ఏం, మీ పిల్లలు ఎదగరా? సునంద బెంగ పెట్టేసుకుంది. "నాలుక పళ్ల మధ్య పెట్టి పలుకు బంగారం, మునుపటిలా" అని నేర్పింది. లోహిత నేర్చుకుంది. బళ్లో కూడా అలాగే వచ్చేస్తే పిల్లలు వెక్కిరించారు. ఇక బళ్లో నోరు విప్పడమే మానేసింది. ఒకరోజు నాగరత్నం ఒళ్లో కూర్చుని, "నానమ్మా, నేను మామూలుగా ఎలా మాట్లాడతాను?" అని అడిగింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ ఆదివారం లైవ్ పెట్టారు. ఫోన్ వెనకనుంచి సునంద నాలుక బయటపెట్టి సైగ చేస్తోంది. లోహిత సూటిగా చూసి, ఒక్కో మాటా తేటగా పలికింది.

"నాకు ఏడేళ్లు. నాకు మాటలు వచ్చు. మీకోసం తప్పుగా మాట్లాడను."

సునంద గతుక్కుమంది. "ఏంటే ఇది, అందరూ చూస్తున్నారు!" అంటూ ముందుకొచ్చింది. నాగరత్నం అడ్డంగా నిలబడింది. "చూడనీ. దాన్ని మాట్లాడనియ్యి సునందా."

శభాష్ పిల్లా! ఎందరెందరి మొహాల మీదో వెలిగాను గానీ, అంత గర్వంగా ఎప్పుడూ వెలగలేదు.

ఫాలోయర్లు గుంపులుగా పోయారు. పోనీ, పీడ విరగడైంది. నన్ను లోహిత గదిలో బీరువా మీదకెక్కించారు. దుమ్ము పడితే పడనీ. మళ్లీ దించారా, ఒక్క బల్బు కూడా వెలిగించను, ఏం చేసుకుంటారో చేసుకోండి.

నిన్న సాయంత్రం సునంద ఫోన్ పట్టుకుని కూతురి గదిలోకొచ్చింది. "బళ్లో ఇవాళ ఏం జరిగిందో చెప్పమ్మా. ఎక్కడా పెట్టనులే. అమ్మ కోసం."

లోహిత పుస్తకంలోంచి తలెత్తింది. "అమ్మ కోసమైతే ఫోన్ ఎందుకు?"

సునంద ఫోన్ వంటింట్లో పెట్టేసి వచ్చి, పిల్ల పక్కన కూర్చుంది. లోహిత మొదలెట్టింది. అన్నానికి పిలిచినా ఆపలేదు.