దీర్ఘం పోయిన నేల

కోర్టులో లూకియా నిజం చెప్పింది. అదే వాళ్ళ కొంప ముంచింది.

నలభై మంది కళ్ళెదుట జరిగిన అన్యాయం ఇది. హోనోపువా లోయ నుంచి రెండు లారీలెక్కి వచ్చిన చేమ రైతులు, ఎంత కడిగినా గోళ్ళలో బురద మిగిలిన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని బెంచీల మీద కూచున్నారు. వాళ్ళ తరఫున ఉన్నది ఒకే ఒక్క కాగితం. నూట ఇరవై ఏళ్ళ కిందట ఆ హవాయి దీవిని ఏలిన స్థానిక దొర రాసిచ్చింది. వాగు మొదలు కొండచరియ దాకా హోనోపువాలోని 'ఆయినా' కహేలేకీ అతని సంతతికీ చెందుతుందని అందులో ఉంది. కహేలే లూకియాకు ముత్తాత. ఆయినా అంటే హవాయి మాటలో నేల. చంటిపిల్లనడిగినా చెబుతుంది.

కాకపోతే ఆ రోజుల్లో హవాయి రాతలో దీర్ఘాలు పెట్టే అలవాటు లేదు. కాగితం మీద ఉన్నది 'అయినా'. మన 'అయినా'కూ దీనికీ చుట్టరికం లేదు. వాళ్ళ భాషలో ఆ మాటను కుదించి పలికితే భోజనమని అర్థం. ఆ దొర వారసుల దగ్గర లోయ మొత్తం కొనేశానని, అక్కడ హోటలు కడతానని వచ్చిన కంపెనీ ఈ సందు కనిపెట్టింది.

కంపెనీ లాయరు లూకియాను బోనెక్కించి ఎంతో మర్యాదగా అడిగాడు.

"అమ్మా, మీ భాష మీకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ గదిలో లేరు. ఈ మాటకు ఎన్ని అర్థాలున్నాయో కోర్టువారికి చెప్తారా?"

అరవై నాలుగేళ్ళ బతుకులో సూటు వేసుకున్నవాడెవడూ లూకియాను ఆమె భాష గురించి అడిగిన పాపాన పోలేదు. చిన్నప్పుడు బడిలో ఇదే మాట నోట వచ్చినందుకు టీచరమ్మ స్కేలుతో వేళ్ళు వాచేలా కొట్టింది. ఇప్పుడు జడ్జి పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. పిచ్చితల్లి పొంగిపోయింది.

"ఆయినా అంటే నేలండి. ఊరికే మట్టి కాదు, తిండి పెట్టేది. 'అయి' అంటే తినడం, దాన్లోంచే వచ్చింది. దొర ఏలినా తిన్నాడనే అంటాం, ఫలానా దీవిని తిన్నాడని. కుదించి పలికితే భోజనం. ఇంకో అర్థం కూడా ఉంది గానీ అది మొగుడూ పెళ్ళాల సంగతి, జడ్జిగారి ముందు చెప్పను."

బెంచీల మీదివాళ్ళు గొల్లుమన్నారు. జడ్జి కూడా నవ్వాడు. లాయరు నవ్వలేదు.

"అంటే, ఈ కాగితం మీది అక్షరాల్ని బట్టి చూస్తే ఇది భోజనం కూడా కావచ్చు."

లూకియా కాగితం వంక చూసింది. కాసేపటి కిందటే బైబిలు మీద చెయ్యేసింది.

"అక్షరాల్ని బట్టయితే... కావచ్చండి. కానీ..."

"చాలమ్మా. మీరు దిగొచ్చు."

ఆ 'కానీ' వినడానికి కోర్టుకు తీరిక లేకపోయింది. మూడు వారాలకు తీర్పొచ్చింది. దొర కహేలే సంతతికి ఇచ్చింది లోయలో పండింది తినే హక్కే తప్ప నేల కాదట. నేల కంపెనీదట. ముప్పై రోజుల్లో ఖాళీ చెయ్యాలట. భూమిని మింగేవాడు ఏ దేశంలోనైనా ముందు కాగితాన్నే నములుతాడు. ఒక్క దీర్ఘం పోయి లోయంతా పోయింది.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక జనం చర్చి పక్కనున్న రేకుల షెడ్డులో చేరారు. వాన దంచి కొడుతోంది. ఎనిమిది మడుల రైతు హైలామా, లూకియాకు తమ్ముడి వరస, అందరి ముందూ ఆమెను నిలదీశాడు.

"అన్ని అర్థాలూ చెప్పమని నిన్నెవరడిగారక్కా? నువ్వేమన్నా నిఘంటువువా?"

"ప్రమాణం చేశాను గదరా."

"వాళ్ళూ చేశారు. వాళ్ళ నోళ్ళేమన్నా పడిపోయాయా?"

"అబద్ధం చెప్పి గెలిస్తే ఆ మడిలో ఏ మొహంతో దిగను?"

"ఇప్పుడు నిజం చెప్పి దిగు మరి, బుల్డోజరు కిందికి."

ఒక్క తన నోటివల్ల పదకొండు ఇళ్ళు వీధిన పడ్డాయని లూకియాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఈ చేతుల్తో నాటిన మడి, తల్లిని పూడ్చిన దిబ్బ, పొద్దున్నే వాగు చప్పుడు, అన్నీ తన మాటతోనే పోయాయి. ఆమెకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

పట్నం నుంచి స్నేహితులతో వచ్చిన కాలేజీ పిల్ల నోహేయా లేచింది. "తప్పు పిన్నిది కాదు మామా. ఉచ్చు పన్నినవాడిది. పై కోర్టుకు వెళ్దాం."

"పై కోర్టులో దీర్ఘాలు అమ్ముతారా?" అన్నాడు హైలామా.

చెరుకు మిల్లు యూనియన్ తరఫున వచ్చిన ఫిలిపీనో మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "మా కూలీల ఇళ్ళ వరసలు పడగొట్టింది కూడా ఈ కంపెనీయే. మేం ఇరవై మందిమి వస్తాం. వచ్చి ఏం చెయ్యాలో మీరు చెప్పండి."

ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు.

"చెయ్యడానికేముంది? కోర్టువారు భోజనం పెట్టారుగా. తిని చేతులు కడుక్కుందాం," అన్నాడు హైలామా.

లూకియా తలెత్తింది. "అదే చేద్దాం."

"ఏది?"

"తిందాం. మడిగట్టు మీద పెద్ద గిన్నె పెట్టి, మూత తీసి కూచుందాం. తినే హక్కు మనదేనని జడ్జే రాశాడు గదా."

'మూత తీసి' అన్న మాట దగ్గర ముసలివాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నోహేయాకు అర్థం కాలేదు.

"మనం తింటూ కూచుంటే వాళ్ళు ఆగిపోతారా పిన్నీ?"

"ఆగరమ్మా," అంది లూకియా.

ముప్పై ఒకటో రోజు పొద్దున్నే రెండు బుల్డోజర్లు, వాటి ముందు పోలీసులు వచ్చారు. మడిగట్టు మీద అరవై మందికి పైగా కూచుని ఉన్నారు. నడుమ పెద్ద చెక్క గిన్నె నిండా పోయ్. ఉడికిన చేమదుంపల్ని రాతితో దంచి నీళ్ళతో మెత్తగా కలిపిన ముద్ద అది. పోలీసుల్లో అందరికంటే ముందు నడుస్తున్నవాడు ఇయోనా, లూకియా చెల్లెలి కొడుకు. ఆ గిన్నెలోది తినే పెరిగినవాడు.

గిన్నెకు పదడుగుల దూరంలో ఇయోనా ఆగిపోయి టోపీ తీశాడు. వెనకున్న హవాయి పోలీసులు నలుగురూ ఆగారు. హవాయివాళ్ళ కట్టుబాటు ప్రకారం పోయ్ గిన్నె మూత తీసి ఉన్నంతసేపు దాని దగ్గర ఎవరూ గొంతు పెంచరు, పోట్లాడరు, తిట్టరు. వాళ్ళ పురాణంలో ఒకే తల్లికి చేమ మొక్క ముందు పుట్టింది, మనిషి తర్వాత పుట్టాడు. అన్న ఎదురుగా తమ్ముళ్ళు కొట్టుకోరు.

"ఏమిటి, ఆగారు?" అన్నాడు వెనక నుంచి తెల్ల ఆఫీసరు.

"భోంచేస్తున్నారు సార్."

"అయితే?"

"అయ్యేదాకా ఆగాలి సార్."

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. గట్టు మీద జనం రెండేసి వేళ్ళతో తీసుకుని నాకుతూ నిదానంగా తింటున్నారు. వాన గురించి, చేపల గురించి మాట్లాడుకుంటున్నారు.

"రా, కూచో ఇయోనా. ఎండుచేప కూడా ఉంది," అంది లూకియా.

"డ్యూటీలో ఉన్నాను పెద్దమ్మా."

"డ్యూటీకి ఆకలెయ్యదట్రా?"

వాడు తల దించుకున్నాడు. హైలామా చేపముక్క తుంచి లూకియా చేతిలో పెట్టాడు. "తినక్కా." మూత తీసినప్పుడు పగ పట్టకూడదు కాబట్టి పెట్టాడో, మనసారా పెట్టాడో ఆమెకు తెలియలేదు. కళ్ళ నీళ్ళతో తింది.

ఎంత మెల్లగా తిన్నా గిన్నె గిన్నే, చెరువు కాదు. అడుగు కనబడసాగింది. అప్పటికి ఆఫీసరు ఓపిక కూడా అయిపోయింది.

"నువ్వు, ముందున్నవాడివి. ఆ గిన్నె మూసెయ్."

ఇయోనా కదల్లేదు. ఆఫీసరు మళ్ళీ అన్నాడు, ఈసారి ఉద్యోగం మాట కూడా ఎత్తాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలున్నవాడు ఇయోనా. వంగి, గడ్డిలో ఉన్న మూత తీసుకుని గిన్నె మీద పెట్టాడు. గట్టు మీద మాటలన్నీ ఆగిపోయాయి.

లూకియా వేళ్ళు తుడుచుకుని లేచింది.

"మూత పెట్టింది నువ్వేనా నాయనా?"

"నేనే పెద్దమ్మా."

"మంచిది. ఇక పోట్లాడుకోవచ్చు."

అని మడిలోకి దిగింది. ఆమె వెనక హైలామా దిగాడు. తర్వాత ముసలివాళ్ళు, మిల్లు కూలీలు, కాలేజీ పిల్లలు దిగారు. సాయంత్రానికి జైల్లో ఉంటామని, మడులు ఉండవని అందరికీ తెలుసు. చేతులు పెనవేసుకుని మోకాటి లోతు బురదలో, బుల్డోజర్ల ఎదురుగా కూచున్నారు.