కొండ పేరు

టీ పియాలాలో సగానికి మించి పొయ్యకూడదు. నిండా పోస్తే, తాగేసి త్వరగా బయల్దేరండి అన్నట్టట. సగం పోసి, కుడిచేత్తో అందించి, తలుపు పక్కనున్న నా చోటుకి వచ్చి కూచోవాలి. ఓష్ పట్నంలోని ఈ ఇంటికి కోడలిగా వచ్చి తొమ్మిదేళ్ళు. ఎన్ని సగాలు పోశానో.

ఆ రోజు వచ్చిన చుట్టాల్లో ఒకావిడ, మధ్యాహ్నాలు ఎక్కడికో పోతున్నావట అని ఆరా తీసింది. టూరిజం చదువుతున్నాననీ, గైడ్ లైసెన్సు పరీక్షకి కూచుంటాననీ చెప్పాను.

"అయితే ఏం చూపిస్తావే జనానికి?"

"అదేనండీ, పెద్దాయన కొండ."

అందరూ మెచ్చుకోలుగా నవ్వారు. అత్తయ్య ముఖం వెలిగిపోయింది. "తొమ్మిదేళ్ళలో ఒక్కసారి నోరు జారలేదు మా కోడలు" అంది.

మా మావయ్య పేరూ, ఊరి నడిబొడ్డున నిలబడ్డ ఆ కొండ పేరూ ఒకటే. కోడలు అత్తింటి మగవాళ్ళ పేర్లు పలకకూడదు. ఆ పేరు కొండకున్నా సరే, వాగుకున్నా సరే. బావగారి పేరులో మా భాషలో రాయి అనే మాట ఉంది. అందుకని నేను రాయిని 'గట్టిది' అంటాను. బియ్యంలో గట్టిది, చెప్పులో గట్టిది. పెళ్ళయిన కొత్తలో ఇది ఆటలా ఉండేది. తరవాత తరవాత, ఏదైనా మాట అనేముందు లోపలే ఒక క్షణం ఆగి తడుముకోవడం అలవాటైపోయింది. మా అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు కూడా.

చదువుతానన్న రోజు మా ఆయన పడీపడీ నవ్వాడు. "కొండెక్కడానికి చదువెందుకే? మేకలు ఏం చదివి ఎక్కుతున్నాయి?" అన్నాడు. వంటపని పన్నెండుకల్లా తెమిలితే తనకేం అభ్యంతరం లేదంది అత్తయ్య. నేను పదకొండున్నరకే తెమిల్చేదాన్ని. రొట్టెల పిండి పిసుకుతూ పాఠం వల్లించేదాన్ని. వేల ఏళ్ళ కింద ఎవరో ఆ కొండ మీద గుర్రాల్ని చెక్కారట. రోజూ పెరట్లోంచి కనిపించే కొండే, నాకు గుర్రాల సంగతి ఎవరూ చెప్పలేదు! తెలిసిన రోజు తరగతిలోంచి ఇంటిదాకా దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాను. వచ్చి ఎవరికి చెప్పాలో తెలియక, ఉల్లిపాయలు తరిగాను.

మాకు చెప్పే సైరాగుల్ మేడమ్‌కి నా కష్టం తెలుసు. "బూరుల్, గైడే కొండ పేరు చెప్పకపోతే వచ్చినవాళ్ళు దారి తప్పామనుకుంటారు" అనేది. నవ్వేదే గాని బలవంతపెట్టలేదు.

చివరి పరీక్ష కొండ మీదే. ముగ్గురు పరీక్షకులు పర్యాటకుల్లా వెంట నడుస్తారు, మనం చూపించాలి. అది శుక్రవారం. మొదటి మలుపు తిరిగేసరికి, పైన ప్రార్థన చేసుకుని ఇద్దరు పొరుగావిడలతో దిగి వస్తూ ఎదురైంది అత్తయ్య. నన్ను చూసి పక్కకి తప్పుకుంది. వెళ్ళిపోలేదు.

సరిగ్గా అప్పుడే పరీక్షకుల్లో ఒకాయన, "మేం కొత్తవాళ్ళం అనుకోండి. ఇప్పుడు ఎక్కడున్నాం?" అన్నాడు.

నాలుక అలవాటుగా పక్కదారి వెతికింది. పెద్దాయన కొండ అంటే అత్తయ్య మురిసిపోతుంది, లైసెన్సు పోతుంది. నేను అత్తయ్య వైపు చూడలేదు.

"సులైమాన్ కొండ మీద ఉన్నాం" అన్నాను.

పొరుగావిడ ఒకామె నోటికి తలగుడ్డ కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం మాటలు వరదలా వచ్చాయి. గుర్రాలు, గుహలు, యాత్రికులు. ఆడవాళ్ళు జారే రాతి దగ్గర ఆగి చెప్పాను: "ఈ రాయిని ఏ ఉలీ నున్నగా చెయ్యలేదు. బిడ్డ కావాలనీ, నడుం నొప్పి పోవాలనీ జారిన ఆడవాళ్ళ వీపులు చేశాయి. వాళ్ళలో ఒక్కరి పేరూ ఎక్కడా రాసి లేదు."

ఇది పుస్తకంలో ఉందా అని ఆ పరీక్షకుడు అడిగాడు. లేదన్నాను. ఆయన ఏదో రాసుకున్నాడు. దిగాక, నెగ్గావని సైరాగుల్ మేడమ్ చెవిలో చెప్పింది.

ఇంటికొచ్చేసరికి నా వార్త నాకన్నా ముందే వచ్చింది. "నాన్న పేరు నోటితో అన్నావట?" అన్నాడు మా ఆయన, గుమ్మంలోనే.

"అవును, ఎమిల్బెక్. పదకొండు సార్లు. లైసెన్సు వచ్చింది" అన్నాను.

తొమ్మిదేళ్ళలో మొదటిసారి తన పేరు నా నోట విని, అడగాల్సిన రెండో ప్రశ్న మరిచిపోయాడు.

వంటింట్లో అత్తయ్య క్యారెట్లు తరుగుతోంది. తిట్లకి సిద్ధపడి పక్కన కూచున్నాను. ఆమె తల ఎత్తకుండా అడిగింది. "పేరు పైకి అంటే ఎలా ఉంటుందే?"

"నోరు కాలుతుందనుకున్నాను అత్తయ్యా. కాల్లేదు. హాయిగా ఉంది."

ఆమె కాపురానికి వచ్చి నలభై ఒక్క ఏళ్ళు. మావయ్యని "ఇదిగో", "వింటున్నారా" అనే పిలిచింది. కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, పెరటి గుమ్మం దాకా నడిచింది.

"సులైమాన్!"

ద్రాక్షపందిరి కింద మావయ్య చటుక్కున లేచి, ఎవరో మగవాడు వచ్చాడనుకుని గేటు వైపు చూశాడు.