కుడిభుజం అరంగుళం కిందికి

రైలు కదిలిన దగ్గర్నుంచీ కటింగ్ మాస్టర్ కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. ఎదురుగా కూర్చున్న భార్య మాత్రం ఆయన్నే చూస్తోంది. చూడక చస్తుందా! ఇంకో రెండు గంటల్లో వాళ్లక్క ఉండే ఊళ్లో దిగి, ఇక అక్కడే ఉండిపోతానంటున్నాడు మహానుభావుడు. ముప్ఫై ఏళ్లు ఇద్దరూ కలిసి నడిపిన టైలరింగ్ షాపు ఆయన తమ్ముడికి అప్పగిస్తాడట. ఆవిడ అందులో కుట్టుపని చేసుకుంటూ బతకాలట. ఎంత చక్కటి ఏర్పాటో!

జరిగిందల్లా ఆయన కుడిచేతికి వణుకు రావడం. కత్తెర గీత తప్పుతోంది. మొన్న ఒక పెళ్లికొడుకు కోటు గుడ్డ పాడైంది. ఆ రోజునుంచీ మనిషికి అన్నం సయించడం లేదు.

"నీకు భారం కాకూడదనే," అన్నాడు కిటికీకేసి చూస్తూనే.

"మోసేదాన్ని నేను. నన్నడిగారా?"

ఆయన కిటికీ రెక్క ఇంకాస్త పైకెత్తాడు. ఆవిడకి ఒళ్లు మండింది, అంతలోనే జాలీ వేసింది. ఈ మనిషి లేని షాపులో మిషన్ తొక్కుతూ కూర్చోవడం తనవల్ల కాదు. భోజనానికి ఎవర్ని కేకెయ్యాలి? కాలరు సరిగ్గా రాలేదని ఎవరితో పోట్లాడాలి? ఊహూఁ, దిగనిచ్చేది లేదు.

టికెట్ కలెక్టర్ వచ్చి టికెట్లు చూసి ముందుకెళ్లాడు. మాస్టర్ అతని వీపుకేసి చూసి గొణిగాడు. "కుడిభుజం అరంగుళం కిందికుంది. ఆ కోటు కుట్టినవాడెవడో చూసుకోలేదు."

టేపు లేదు, కొలత లేదు. కదిలే రైల్లో, నడిచే మనిషి!

ఆవిడ చటుక్కున లేచి ఆయన పక్కన కూర్చుంది. "కన్ను భేషుగ్గా ఉందిగా! మీరు చెప్పండి, నేను కత్తిరిస్తాను."

"నువ్వా? గుడ్డ పాడైతే?"

"మీరూ పాడుచేశారుగా! ఇద్దరం కలిసి తిట్లు తిందాం."

ఆయన నవ్వాడో మూలిగాడో తెలియలేదు.

అక్కగారి స్టేషను రానే వచ్చింది. ఆయన లేచి సంచీ అందుకోబోయాడు. ఆవిడ ఆ కుడిచెయ్యి గట్టిగా పట్టుకుంది. వణుకు ఆవిడ మోచేతిదాకా పాకింది. వదల్లేదు.

"నేను దిగను, మిమ్మల్ని దిగనివ్వను. వదినకి నేను చెప్పుకుంటాను. వచ్చే స్టేషన్లో తిరుగు బండి ఎక్కుదాం, జరిమానా పడితే పడనీండి. మీరు లేకపోతే నాకు ఆ షాపూ వద్దు, ఏదీ వద్దు."

ఆయన నిలబడే ఉన్నాడు. దిగేవాళ్లు దిగారు. బండి కదిలింది. అప్పుడు కూర్చుని, ఆవిడ చేతుల్ని తిప్పి తిప్పి చూశాడు.

"నీది ఎడంచేతి వాటం. నా కత్తెర నీకు లొంగదే," అన్నాడు. "కొత్తది చేయించాలి."