తొట్టిలో చుట్టాలు

కళ్ళజోళ్ళాయన పొద్దున లేవగానే చేసే మొదటి పని తొట్టిలో చేపల్ని లెక్కపెట్టడం. మొహం కడుక్కోవడం, కాఫీ తాగడం, కిటికీ తలుపులు తియ్యడం అన్నీ ఆ తర్వాతే. నాలుగడుగుల గాజుతొట్టి ముందు వంగి, అద్దానికి తగలకుండా వేలు గాల్లో ఆడిస్తూ లెక్కపెడతాడు. సొంతవి ఆరు, చుట్టాలు పదకొండు. మొత్తం పదిహేడు తేలితే హమ్మయ్య అనుకుని బ్రష్షు మీద పేస్టు వేసుకుంటాడు.

"ఎవరైనా దిగారా?" వంటింట్లోంచి భార్య అడుగుతుంది. ఆవిడ ఇంట్లోనే మిషన్ పెట్టుకుని స్కూలు యూనిఫాంలు కుడుతుంది.

"ఎవరూ రాలేదు."

"బతికించారు. నోరు కట్టేసుకుని ఉంటే ఎవరూ రారు."

చుట్టాలంటే ఎవరో చేపలు పెంచేవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. మనం ఎవరికో సలహా చెప్తాం. ఆ సలహా వికటించి వాళ్ళ చేప చచ్చిపోతుంది. చచ్చిన చేప వచ్చి, చెప్పినవాడి తొట్టిలో చేరుతుంది. ఎంత దూరమైనా వస్తుంది, మూత బిగించినా వస్తుంది. నాలుగు ఉతుకులు పడ్డ చొక్కాలా రంగు కాస్త వెలిసి ఉంటుంది, అంతే తేడా. మేత వెయ్యక్కర్లేదు గానీ చోటు కావాలి, నీళ్ళలో ఉన్న గాలి కావాలి. వచ్చింది ఇక పోదు. ఎవరింట్లో ఎంతమంది చుట్టాలున్నారో ఒకర్నొకరు అడక్కపోవడం మర్యాద.

కళ్ళజోళ్ళాయన పనిచేసేది ఒక కళ్ళద్దాల షాపులో. వెనకగదిలో కూర్చుని, కంటి డాక్టరు రాసిన నంబరు ప్రకారం అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగిస్తాడు. తప్పు పోతే ఇంకో అద్దం తీసుకుని మళ్ళీ అరగదీస్తాడు. చేపల విషయంలో ఆ వెసులుబాటు లేదని ఆయనకి తెలిసింది మొదటి చుట్టం వచ్చిన రోజున. ఆన్‌లైన్ గ్రూపులో ఓ బస్సు కండక్టరు నీళ్ళు మసగ్గా ఉన్నాయని అడిగితే, "ఫిల్టర్ స్పాంజి బాగా కడగండి" అని రాశాడు. తొట్టిలోంచి తీసిన పాత నీళ్ళతోనే పిండాలని రాయలేదు. అది అందరికీ తెలిసిందే కదా అనుకున్నాడు. కండక్టరు నిజంగానే బాగా కడిగాడు, బట్టల సబ్బు పెట్టి. మూడోనాడు ఆయన నల్లచేప, గుడ్లు బయటికి పొడుచుకొచ్చినది, కళ్ళజోళ్ళాయన తొట్టిలోకొచ్చి అద్దం ఈవలికి చూస్తూ నిలబడింది. ఇప్పటికీ అలాగే చూస్తోంది.

తర్వాత జాగ్రత్తపడ్డాడు. ప్రతి సలహాకి పన్నెండు షరతులు తగిలించి పేజీలకి పేజీలు రాశాడు. అంత పొడుగుంటే ఎవరు చదువుతారు? మొదటి వాక్యం చదివి, మిగతాది వదిలేసి, చేపని ఇటు పంపేవాళ్ళు. అలా పదకొండు అయ్యాయి. గ్రూపులో రెండు వేల మూడొందల మంది ఉన్నారు. వాళ్ళలో చెయ్యి తిరిగినవాళ్ళంతా ఇదే దారిలో నడిచి, చివరికి దండం బొమ్మ పెట్టి ఊరుకోవడం నేర్చుకున్నారు. కళ్ళజోళ్ళాయన కూడా మూడేళ్ళుగా నోరు మెదపలేదు. కొత్తగా చేరినవాళ్ళు మాత్రం, పెద్దలకి పొగరు, తెలిసింది చెప్పరు అని తిట్టుకుంటారు. పొగరు కాదు పాపం, భయం.

పైగా ఆయన భయానికి ఇంకో కారణం ఉంది, దాని పేరు ముసలాడు. పెళ్ళయిన ఏడాది కొన్న చేప, నారింజ రంగు ఒంటి మీద మూడు నల్లచారలు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాడు. ఆకలేస్తే టక్ టక్ మని చప్పుడు చేస్తాడు, నిద్రొస్తే చచ్చినట్టు పక్కకి ఒరిగి పడుకుంటాడు. పిల్లల్లేని ఆ ఇంట్లో అలిగేవాడూ, గోల చేసేవాడూ వాడే. ఈమధ్య తొట్టిలో జనం ఎక్కువై, ముసలాడు పైకొచ్చి గాలి మింగుతున్నాడు. ఇంకొక్క చుట్టం దిగితే వాడు తట్టుకోలేడు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

మంగళవారం మధ్యాహ్నం షాపులో అద్దం అరగదీస్తుంటే ఫోన్ మోగింది. గ్రూపులో ఓ కొత్తమ్మాయి. లాండ్రీలో పనిచేస్తుందట.

"నమస్తే అందరికీ. మా మామగారి గోల్డ్‌ఫిష్ పైకొచ్చి నోరు తెరుస్తోంది. మొన్న నేనే తొట్టి మొత్తం ఖాళీ చేసి, రాళ్ళు తోమి, స్పాంజి కుళాయి కింద కడిగాను. మామగారికి పక్షవాతం వచ్చాక మాట పోయింది. చేప ఇటు తిరిగితే వేలెత్తి చూపిస్తారు, అప్పుడే చెంచాతో పెట్టింది మింగుతారు. ఏం చెయ్యాలో ఎవరైనా చెప్పండి ప్లీజ్."

చదువుతుండగానే ఆయనకి సంగతి అర్థమైపోయింది. శుభ్రం ఎక్కువైంది. స్పాంజిలో ఉండే మంచి క్రిములు కుళాయి కింద కొట్టుకుపోయాయి. ఇప్పుడు చేప వదిలిన మురికే దానికి విషమవుతోంది. మేత ఆపెయ్యాలి, రోజూ మూడో వంతు నీళ్ళు మార్చాలి, గాలి పంపు పెట్టాలి. నాలుగైదు రోజులు కాచుకుంటే బతుకుతుంది.

టైప్ చేశాడు. మూడో వంతు అంటే ఆ అమ్మాయి కుళాయి నీళ్ళు నేరుగా పోసేస్తుందేమో? క్లోరిన్ పోగొట్టే చుక్కలు వెయ్యమంటే సీసా మొత్తం ఒంపేస్తుందేమో? తొట్టి ఎన్ని లీటర్లో కూడా రాయలేదు. ప్రతి వాక్యంలోనూ ఓ చేప జారిపోయేంత కన్నం కనిపించింది. మొత్తం చెరిపేశాడు. మళ్ళీ టైప్ చేశాడు, మళ్ళీ చెరిపేశాడు. మూడోసారి సగంలో ఉండగా ముందుగదిలోంచి ఓనరు, "ఆ పెద్దావిడ అద్దాలు అయ్యాయా?" అని కేకేశాడు. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

ఈలోపు మూడు సీసాలాయన జవాబిచ్చాడు. ఏ జబ్బుకైనా మూడు సీసాల మందు చెప్పడం వల్ల ఆయనకా పేరొచ్చింది. ఆయన తొట్టిలో చుట్టాలే తప్ప నీళ్ళు కనపడవని వినికిడి. నిండా మునిగినవాడికి చలేమిటి? "నీలం మందు, పచ్చ మందు, పసుపు మందు కలిపి పొయ్యండి. నాది గ్యారంటీ" అని రాశాడు.

"థాంక్యూ సార్! ఎవరూ చెప్పరేమోనని భయపడ్డాను" అంది లాండ్రీ అమ్మాయి.

'వద్దు' అని ఒక్క ముక్క రాస్తే చాలు. కానీ వద్దనడం కూడా సలహాయే. సాయంత్రం ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు.

ఆవిడ మిషన్ ఆపింది. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందని తెలీదా వాళ్ళకి?"

"చెప్పమంటావా?"

ఆవిడ తొట్టి వైపు చూసింది. ముసలాడు పైకొచ్చి ఓ గుక్క మింగి కిందికెళ్ళాడు.

"నేను చెప్పమనను. చెప్పొద్దని కూడా అనను. నన్నడక్కండి" అని మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. ఆయన చెప్పలేదు.

గురువారం పొద్దున లెక్క పద్దెనిమిది తేలింది.

మళ్ళీ లెక్కపెట్టాడు. తొట్టి ఎడమ మూల, చుట్టాలు ఎప్పుడూ దిగేచోట, తెల్లతోక గోల్డ్‌ఫిష్ నిలబడి ఉంది. ఫోన్ తీసి ఆ అమ్మాయి పెట్టిన ఫోటో చూశాడు. అదే చేప. నేనేం చెప్పలేదే అని పైకే అన్నాడు. గ్రూపు తెరిస్తే అప్పటికే గోలగా ఉంది. మర్యాదలన్నీ మర్చిపోయి ఎవరికి వాళ్ళు తమ తొట్ల ఫోటోలు పెడుతున్నారు. నేనేం చెప్పలేదు, నేనూ చెప్పలేదు, చదివి ఊరుకున్నానంతే, అని ఒకటే మెసేజ్‌లు. ప్రతి ఫోటోలోనూ ఎడమ మూల తెల్లతోక. ఇదివరకెన్నడూ లేనిది, ఆ మెసేజ్ చదివినవాళ్ళందరి ఇంటికీ వచ్చింది.

భార్య వచ్చి పక్కన నిలబడింది. "మౌనం అర్ధాంగీకారమని ఊరికే అనలేదు" అని, ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

ఆ రోజు ఆయన షాపుకి వెళ్ళలేదు. మూడేళ్ళ తర్వాత మొదటిసారి చెరపకుండా ఓ మెసేజ్ పంపాడు, ఆ అమ్మాయికి విడిగా. "మీ చేప మా ఇంట్లో ఉందమ్మా. మీ మామగారిని తీసుకొస్తే చూపిస్తాను." కింద అడ్రసు రాశాడు.

ఆదివారం వచ్చారు. సన్నటి అమ్మాయి, చేతులు సబ్బునీళ్ళకి పాలిపోయి ఉన్నాయి. చక్రాల కుర్చీలో మామగారు, గడ్డం గుండెలకి ఆనేలా వాలిపోయి ఉన్నాడు. చేప పోయిన దగ్గర్నుంచీ ఆయన ఏదీ మింగడం లేదట. కుర్చీని తొట్టి ముందు ఆపారు. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత తెల్లతోక మెల్లగా ఇటు తిరిగింది. మామగారి కుడిచేతి చూపుడువేలు ఒళ్ళోంచి లేచింది.

అమ్మాయి గబగబా సంచిలోంచి గిన్నె తీసింది. ఒక్కో చెంచా పెడుతుంటే ఆయన చేప మీంచి చూపు తిప్పకుండా మింగాడు. కళ్ళజోళ్ళాయన భార్య చీరకొంగుతో కళ్ళొత్తుకుంటూ లోపలికెళ్ళిపోయింది.

గిన్నె ఖాళీ అయ్యాక అమ్మాయి అడిగింది. "బాబాయ్ గారూ, మంగళవారం మీరు నా మెసేజ్ చూశారా?"

"చూశానమ్మా."

"మీరు టైప్ చేస్తున్నారని కనిపించింది. మూడుసార్లు. నేను ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చున్నాను. ఇస్త్రీ చేస్తున్న చొక్కా కూడా కాలిపోయింది."

ఆయన తల ఎత్తలేకపోయాడు. ఆయనకంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు.

"మీకు తెలుసా, ఏం చెయ్యాలో?"

"తెలుసు."

తిట్టినా బాగుండేది. ఆ అమ్మాయి గిన్నె కడుక్కుని, "రేపు డ్యూటీ అయ్యాక మళ్ళీ తీసుకురావచ్చా?" అని మాత్రం అడిగింది.

రోజూ తీసుకొచ్చేది. మామగారి బుగ్గలు కాస్త పూడుకున్నాయి. కానీ పద్దెనిమిదింటికి ఆ తొట్టి చాల్లేదు. కళ్ళజోళ్ళాయన ఇంకో గాలి పంపు తెచ్చాడు, నీళ్ళు రోజూ మార్చాడు. ముసలాణ్ణి విడిగా బకెట్లో పెట్టి చూస్తే మేత ముట్టకుండా అలిగి కూర్చున్నాడు, మళ్ళీ తెచ్చి తొట్టిలోనే వదలాల్సొచ్చింది. రెండో వారంలో ఓ పొద్దున వాడు పక్కకి ఒరిగి ఉన్నాడు. నిద్రే అనుకుని కళ్ళజోళ్ళాయన పళ్ళు తోముకున్నాడు, కాఫీ తాగాడు, షాపుకెళ్ళి నాలుగు జతల అద్దాలు బిగించాడు. సాయంత్రం వచ్చేసరికి కూడా వాడు అలాగే ఉన్నాడు.

ఆయన గట్టిగానే ఏడ్చాడు. పక్కన కుర్చీలో ఉన్న మామగారు మాటలేని గొంతుతో ఏదో అనబోయాడు.

"ఎవరి తొట్టికి వెళ్ళాడు బాబాయ్?" అంది అమ్మాయి. "గ్రూపులో అడిగి, ఫోటో పెట్టమందామా?"

"ఎక్కడికీ పోలేదమ్మా. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను ఎవర్నీ అడగలేదు."

నిజమే. ఇన్నేళ్ళ అనుభవం ఉందని, అడిగితే ఎవరింటికో భారమవుతాడని, ముసలాడి గురించి ఎవర్నీ ఒక్క మాట అడగలేదు. అందుకే వాడు చచ్చిపోయాడంతే. ఇంకెక్కడా లేడు.

మర్నాడు సాయంత్రం నలుగురూ ఇంట్లో ఉండగా ఇద్దరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి. గ్రూపులో కొత్తవాడెవడో ఫోటో పెట్టాడు. చేప నోరు నీటి పైన ఉంది. "తొట్టి అంతా కడిగాను, స్పాంజి కూడా కడిగాను. ఎవరైనా చెప్పండి."

అమ్మాయి వేళ్ళు టైప్ చెయ్యడం మొదలుపెట్టి ఆగిపోయాయి. ఇప్పుడు ఆ అమ్మాయికి అన్నీ తెలుసు, రోజూ ఇక్కడ కూర్చుని నేర్చుకుంది. "చచ్చిపోతే?" అంది.

"ఇక్కడికే వస్తుంది."

"చెప్పకపోతే?"

"చెప్పకపోయినా ఇక్కడికే వస్తుంది. చదివేశాం కదమ్మా."

ఆయన చెప్తుంటే ఆ అమ్మాయి రాసింది. ముందు తొట్టి ఎన్ని లీటర్లో చెప్పండి. మేత ఆపండి. కుళాయి నీళ్ళు నేరుగా పొయ్యకండి. మందులేవీ వద్దు. మేం ఫోన్ దగ్గరే ఉన్నాం, ఒక్కో పని చేశాక మాకు చెప్పి, తర్వాతది చెయ్యండి. పంపాక ఇద్దరూ ఫోన్లు ఒళ్ళో పెట్టుకున్నారు. అవతల చదివినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు.

మామగారి వేలు లేచింది. తెల్లతోకని కాదు, తొట్టి ఎడమ మూలని చూపించాడు. అక్కడింకా ఏమీ లేదు, ఉత్త నీళ్ళే. లోపల మిషన్ చప్పుడు ఆగింది. భార్య స్టూలు లాక్కొచ్చి వాళ్ళ పక్కన కూర్చుని, వేలు అద్దానికి తగలకుండా లెక్కపెట్టడం మొదలుపెట్టింది.